కళ్ళు మూసుకుని ఎంచుకున్న ట్రిగ్గర్

“పది నిమిషాలే మేడమ్. మేజర్ గారు మరీమరీ చెప్పారు,” అన్నాడు లాకప్ కానిస్టేబులు తాళం తీస్తూ.

“మేజర్ గారి వాచీ ఆయన చేతికుంది. నాది నా చేతికుంది,” అంది కెప్టెన్ లియొనోరా మగ్బనువా. గిన్నెలో వేడి బాచోయ్ పులుసు ఒలక్కుండా రెండు చేతులా పట్టుకుని లోపలికి నడిచింది.

సోమవారం ఉదయం పదీ అయిదు. సాయంత్రం అయిదింటికి తుపాకుల మేస్త్రి హెర్మొఖెనెస్ తుపాస్‌ని ప్రాసిక్యూటర్ ముందు నిలబెడతారు. నిలబెట్టారంటే ఇక అంతే సంగతులు. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీశాడని కేసు. ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు, పైగా చక్కెర జబ్బు. లోపలికి వెళ్ళాక బతికి బయటికి వస్తాడని స్టేషన్లో ఒక్కరికీ నమ్మకం లేదు. ఇలోయిలో జిల్లాలో పోటీ పిస్టళ్ళు పట్టుకునే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఆయన బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడే. నిన్న మాత్రం ఆయన కోసం ఒక్కడూ స్టేషన్ గడప తొక్కలేదు.

“ముందు తిను బాబాయ్. ఖాళీ కడుపుతో నిజం చెప్పినా అబద్ధంలా వినిపిస్తుంది.”

ముసలాయన గిన్నె అందుకున్నాడు. చెంచా పట్టుకున్న వేళ్ళు వణకడం లేదని లియొనోరా గమనించింది. వేలి సందుల్లో నల్లటి నూనె మరకలు నలభై ఏళ్ళుగా అలాగే ఉండిపోయినట్టున్నాయి.

మేజర్ విల్యసెరాన్ రాసిన రిపోర్టు ఒకటిన్నర పేజీ. ఆదివారం పొద్దున ఆరూ ఇరవై ఎనిమిదికి, కొండ మీది షూటింగ్ రేంజిలో తుపాకీ పేలింది. పోటీ ఇంకా మొదలే కాలేదు. జిల్లా ఛాంపియన్ అన్సెల్మో సొలినాప్ సేఫ్టీ బల్ల పక్కన పడి చనిపోయి ఉన్నాడు. తూటా కింద నుంచి పైకి గుండెలోకి వెళ్ళింది. పక్కనే సిమెంటు మీద అతని పిస్టలు. అందులో ట్రిగ్గర్ని తేలిక చేసే లేత స్ప్రింగు ఉంది. కింద పడితే పేలకుండా ఆపే చిన్న లాకు లేదు. రెండు వారాల కిందట ఆ ట్రిగ్గర్ పని చేసింది తుపాస్. బల్ల మీంచి పిస్టలు జారింది, పేలింది, మనిషి పోయాడు. కేసు ముగిసింది.

“ఆ లాకు నువ్వు తీశావా బాబాయ్?”

“ఒక్కదానికీ తీయలేదమ్మాయ్. అడగని వాడు లేడు. అది తీస్తే ట్రిగ్గర్ వెన్నలా జారుతుంది మరి. అలా కావాలంటే వేరే మేస్త్రిని చూసుకోమంటాను. పోయినవాళ్ళు పోయారు. అన్సెల్మో పోలేదు.”

“అతనేం కావాలన్నాడు?”

“అందరూ అడిగేదే. ‘బాబాయ్, లేత స్ప్రింగు వెయ్యి, ఊదితే పేలాలి’ అన్నాడు.” ముసలాయన పులుసు చప్పరించి నిట్టూర్చాడు. “ట్రిగ్గర్ ఎంచుకోడం కంటితో అయ్యే పని కాదు. నా బల్ల మీద మూడు ఖాళీ పిస్టళ్ళుంటాయి. ఒకదానికి లేత స్ప్రింగు. ఇంకోదానికి సూదిని కొట్టే కొత్త సుత్తి, దాన్ని పట్టి ఉంచే కొక్కెం. మూడోదానికి పాత గట్టి స్ప్రింగే; లోపల రాసుకునే చోటల్లా నున్నగా తోమి, నొక్కాక వేలు వెనక్కొచ్చే దూరం తగ్గిస్తాను, అంతే. ఏది ఏదో చెప్పను. కళ్ళు మూసుకుని ఒక్కోటీ వందసార్లు నొక్కమంటాను.”

“వందసార్లా?”

“పదిసార్లకి అందరూ లేతదాని మీదే మోజు పడతారు. వంద దాటేసరికి వేలికి బుద్ధొస్తుంది. అన్సెల్మో రెండు పూటలు కూర్చున్నాడు. చివరికి మూడోది పట్టుకుని, ‘మొదటిది నన్ను అడక్కుండా వెళ్ళిపోతోంది బాబాయ్, ఇది నాతోపాటు వస్తోంది’ అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు ముగ్గురో నలుగురో.” ఆయన కళ్ళు చెమర్చాయి. “మంచి పిల్లాడమ్మా.”

లియొనోరా ఆ మాటని రిపోర్టుతో పోల్చుకుంది. ఛాంపియన్ తేలికదాన్ని కాదని బరువైనదాన్ని ఎంచుకున్నాడు. చచ్చిపోయినప్పుడు మాత్రం పక్కన తేలికది ఉంది. ఈ రెండు మాటలూ ఒక ఒరలో ఇమడడం లేదు.

“నువ్వు వెయ్యలేదన్నావు సరే. నీ మాట ఎవరు నమ్ముతారు?”

“నా మాట ఎందుకూ? నా పుస్తకం ఉందిగా. పని అయ్యాక మందు లేని ఖాళీ తూటా గొట్టానికి అడుగున ప్రైమర్, అదే నిప్పంటించే చిన్న టోపీ, మాత్రం బిగించి, ఆ పిస్టల్లో పెట్టి కొడతాను. సూది పడ్డచోట ప్రైమర్ మీద గుంట పడుతుంది. గట్టి స్ప్రింగైతే లోతు గుంట, లేతదైతే గీకినట్టుంటుంది. ఆ గొట్టాన్ని పేజీకి కుట్టేసి, పక్కన మనిషి చేత సంతకం పెట్టిస్తాను. రేపు ఎవడైనా వచ్చి నువ్వు చెడగొట్టావంటే చూపించాలి కదా. పక్కింటి కుట్టుమిషను ఆవిడ దగ్గర తాళంచెవి ఉంది.”

లేచి నిలబడ్డాక ఆమె ఒక ప్రశ్న అడిగింది. “ఆ లాకు తీసి, స్ప్రింగు మార్చాలంటే ఎంతసేపు పడుతుంది?”

“నాకు అరగంట. పని తెలిసిన ఇంకొకడికి ముప్పావు గంట. బల్లా పనిముట్లూ ఉండాలి. ఏం?”

“ఊరికే,” అంది గానీ ఆ అంకె మనసులో రాసుకుంది.

పదకొండుకల్లా పుస్తకం ఆమె చేతిలో ఉంది. అన్సెల్మో పేజీలో దారంతో కుట్టిన ఇత్తడి గొట్టం, దాని అడుగున ఆవగింజ పట్టేంత గుంట. పక్కనే అన్సెల్మో సంతకం, తేదీ. శవం పక్కన దొరికిన గొట్టాన్ని ఆమె నిన్ననే ఫోనులో దగ్గరగా ఫొటో తీసుకుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. అదే లోతు. మేస్త్రి గూట్లోంచి ప్రైమర్ బిగించిన ఖాళీ గొట్టాలు మూడు తీసి జేబులో వేసుకుని, జీపు కొండదారి పట్టించింది.

రేంజి బోసిగా ఉంది. సేఫ్టీ బల్లంటే పెద్ద విశేషమేం లేదు. నడుమెత్తు చెక్కబల్ల, ఎదురుగా మట్టికట్ట, పైన రేకు. పిస్టలు తీసి తుడుచుకోవడానికీ సరిచూసుకోవడానికీ ఆ ఒక్క చోటే అనుమతి. రేంజి నిర్వాహకుడు కాసియానో పలోమార్ టోపీ చేతుల్లో నలుపుకుంటూ నిలబడ్డాడు.

“ఇక్కడ తూటా ఉన్న పిస్టలు ఎలా వచ్చింది కాసియానో?”

“అదే అర్థం కావట్లేదు మేడమ్. ఈ బల్ల దగ్గర ఒక్క తూటా చేత్తో ముట్టుకున్నా ఆ రోజు పోటీలోంచి గెంటేస్తాం. అన్సెల్మో అన్నకి ఇరవై ఏళ్ళ అనుభవం. ఆయన తూటాలు నింపే మ్యాగజైన్లు కారులోనే ఉన్నాయి, అన్నీ ఖాళీవే. తూటాల డబ్బా మూత కూడా తీయలేదు.”

“ఆ పిస్టలు ఇంకెవరి చేతికైనా వెళ్ళే వీలుందా?”

కాసియానో విచారంగా నవ్వాడు. “ఎవరి చేతికైనా వెళ్తుంది మేడమ్. మావాళ్ళు పళ్ళు తోముకునే బ్రష్షు పెళ్ళానిక్కూడా ఇవ్వరు. కానీ ఈ బల్ల దగ్గర ‘కొత్త ట్రిగ్గర్టగా, ఏదీ ఇటివ్వు’ అన్నారంటే చాలు, వెంటనే చేతిలో పెట్టేస్తారు. ఇక్కడ తూటా ఉండదన్న ధైర్యం. శనివారమంతా అన్సెల్మో అన్న ట్రిగ్గర్ నొక్కి చూడనివాడు లేడు.”

లియొనోరా బల్ల ముందు నిలబడి కుడిచేయి చాచింది, ఎవరికో పిస్టలు అందిస్తున్నట్టు. అవతలివాడు తీసుకుంటాడు. నొక్కి చూసి, బాగుందన్నా అంటాడు. అతని ఎడమచేతిలో ఒక మ్యాగజైన్ ఉందేమోనని అన్సెల్మోకి అనుమానం కూడా రాదు. మిగతా లోకంలో ఏ మనిషైనా తుపాకీ ఎదుటివాడి చేతికి వెళ్ళగానే ఒక అడుగు వెనక్కి వేస్తాడు. వీళ్ళు మాత్రం అలా వెయ్యరు. ఆ సంగతి తెలిసినవాడే ఈ పని చేశాడు.

“పేలిన చప్పుడు వినగానే ఏం చేశారు?”

“నేనూ, కాఫీ కాసే ఆవిడా పరిగెత్తాం. ఆరున్నర కాకముందే ఇక్కడున్నాం. మా వెనకాలే కార్లు పెట్టేచోటు నుంచి మేజర్ గారు వచ్చారు. ఆయనా పోటీకి వచ్చారుగా. ఎవర్నీ ముట్టుకోవద్దని, పిస్టలు ఆయనే రుమాలుతో తీసి సంచిలో పెట్టుకున్నారు. ఏడూ అయిదుకి వెళ్ళిపోయారు.”

“శనివారం సాయంత్రం ట్రిగ్గర్ల బరువు, అదే, నొక్కితే పేలడానికి పట్టే బరువు, చూసుంటారు కదా? ఆ కాగితం ఏదీ?”

కాసియానో నోరు తెరిచాడు. అతని చూపు ఆమె భుజం మీదుగా వెళ్ళింది.

“ఆ కాగితం పోయిందట. నేనూ అడిగాను,” అన్నాడు వెనక నుంచి మేజర్ సిక్స్తో విల్యసెరాన్.

యూనిఫాం నలగలేదు, బూటుకి దుమ్ము లేదు. ప్రాంతీయ కార్యాలయంలో పెద్ద అధికారి. పోలీసు షూటింగ్ జట్టులో ఎనిమిదేళ్ళుగా ఉన్నాడు.

“మగ్బనువా! ఏడాదికోసారి షూటింగ్ పరీక్షలో అత్తెసరు మార్కులతో గట్టెక్కుతావు. నీకెందుకమ్మా ఈ ట్రిగ్గర్ల గొడవ?”

“వంట రానివాళ్ళకి కూడా ఉప్పెక్కువైతే తెలుస్తుంది సార్.”

“ఎక్కడెక్కువైంది ఉప్పు?”

“తూటా ఎక్కడిది?”

“శనివారం సాధనలో లోపల ఒకటి మిగిలిపోయుంటుంది.”

“సాయంత్రం బరువు చూసేముందు ఖాళీ చేసి చూపించాలి కదా?”

“ఆ తర్వాత ఇంట్లో మళ్ళీ నింపుకున్నాడేమో. చచ్చినవాణ్ణి లేపి అడగమంటావా?” అతను నవ్వాడు. “పోస్టుమార్టమ్ డాక్టరు సంతృప్తిగా ఉన్నాడు, మా ఆఫీసు సంతృప్తిగా ఉంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెస్తున్నావు.”

“ఆ గోరు ఒక ముసలాయన మెడ మీద ఉంది సార్!”

“జాలిపడితే చర్చికి వెళ్ళు. కేసు చెడగొట్టకు.”

లియొనోరాకి ఒళ్ళు మండింది. మండినప్పుడు నోరు కట్టుకోలేకపోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. పోలీసు ఉద్యోగం పదిహేడేళ్ళుగా దానికి మందు వేస్తూనే ఉంది, తగ్గలేదు.

“అయితే వినండి. ఇక్కడ దొరికిన గొట్టం మీద గుంట లోతుగా ఉంది. గట్టి స్ప్రింగు కొట్టిన దెబ్బ అది. తుపాస్ పుస్తకంలో అన్సెల్మో సంతకం పక్కన కుట్టిన గొట్టం మీదా సరిగ్గా అంతే లోతు. మరి పిస్టల్లో ఉన్నది లేత స్ప్రింగు. అంటే అన్సెల్మో పోయేదాకా అందులో గట్టి స్ప్రింగే ఉంది. తర్వాత ఎవరో మార్చారు. చచ్చినవాడు లేచి స్ప్రింగు మార్చుకుని మళ్ళీ పడుకోడు కదా సార్?”

మేజర్ మొహంలో నవ్వు చెదరలేదు. కనురెప్పలు మాత్రం ఒక్క క్షణం ఆడలేదు.

“పుస్తకమా? ఎక్కడుందది?”

“భద్రంగా ఉంది.”

“అందులో రాసింది నమ్మాలంటే, అది తన రాతేనని ముసలాడు సాక్ష్యం చెప్పాలి. తెలుసుగా? అతను లేకపోతే అది చిత్తుకాగితాల కట్ట.”

“చెప్తాడు. సాయంత్రం అయిదింటికి ప్రాసిక్యూటర్ ముందే చెప్తాడు.”

“మంచిది. బాగా పనిచేశావ్ కెప్టెన్,” అన్నాడు విల్యసెరాన్. గడియారం చూసుకుని, కారెక్కి వెళ్ళిపోయాడు. అప్పుడు పన్నెండూ ఇరవై.

గెలిచానన్న సంతోషం ఆమెకి ఎంతోసేపు నిలవలేదు. ఆ మనిషి ఓడిపోయినప్పుడు అరుస్తాడు, ఫైళ్ళు విసిరేస్తాడు. ఇవాళ మెచ్చుకుని వెళ్ళాడు. ఎందుకో అర్థం కాలేదు. రేంజి చుట్టూ మరోసారి తిరిగింది. కార్లు పెట్టేచోటు నుంచి బల్లకి అడుగులు లెక్కపెట్టింది. కాఫీ ఆవిణ్ణి పిలిచి అడిగితే వేళలు సరిపోయాయి. అన్సెల్మో పడిపోయాక అతని పిస్టలు ఆ ఇద్దరి కళ్ళముందే ఉంది. తర్వాత మేజర్ సంచిలోకి వెళ్ళింది. ముప్పావు గంట పని చేసే తీరిక ఇక్కడ ఎవరికీ లేదు.

ఒంటిగంటన్నరకి జీపు తిప్పుకుంటుంటే కాసియానో పరిగెత్తుకొచ్చాడు. చొక్కాలోంచి చెమటకి తడిసిన కాగితం తీసి ఆమె ఒళ్ళో పడేశాడు.

“చింపెయ్యమన్నారు మేడమ్. చింపలేకపోయాను. అన్సెల్మో అన్న నా పెద్దకూతురికి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. నా పేరు మాత్రం బయటికి రానివ్వకండి.”

“ఎవరు చింపెయ్యమన్నారు?”

అతను అప్పటికే వెనక్కి తిరిగాడు. “కింద దాకా చదవండి,” అని మాత్రం అన్నాడు.

ఆమె కంటికి అన్సెల్మో పేరే మొదట కనబడింది. శనివారం, నాలుగూ ముప్ఫై అయిదు. రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. నెగ్గింది. ఆ తరగతిలో ట్రిగ్గర్ రెండుంపావు కిలోలకి తగ్గకూడదు. లేత స్ప్రింగు ఉంటే ఒకటిన్నర కూడా దాటదు. ఇక చాలు అనిపించింది. ముసలాయన గట్టెక్కినట్టే. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కింద దాకా చదవకుండానే, జీపుని కొండ దింపింది. ఆ మడతకి ఆమె తర్వాత చాలాకాలం తనని తాను తిట్టుకుంది.

రెండూ పదిహేనుకి స్టేషన్ వెనకనున్న సాక్ష్యాల గదిలో సార్జెంట్ పెర్పెతువా ఇనప అలమర తెరిచింది. ఆవిడకి రిటైర్మెంట్ మూడు నెలల్లో ఉంది, దేనికీ కంగారు పడదు.

“ముద్ర విప్పితే సంతకం. కొడితే ఇంకో సంతకం. పేలిందంటే నేను సాక్షిని కాను, దెయ్యాన్ని,” అంది ఆవిడ.

“మందు లేదక్కా, ఉత్త ప్రైమరే. చెవులు మూసుకో.”

మొదటిసారి టప్పున చిన్న చప్పుడు. రెండోసారీ అంతే. మూడోది అసలు పేలనే లేదు. లియొనోరా మూడు గొట్టాలూ కిటికీ వెలుగులో పెట్టింది. ప్రైమర్ల మీద గోరుతో గీకినట్టు చిన్న గుంటలు. ఈ పిస్టలు ఇప్పుడున్న స్థితిలో, ఆ లోతు గుంట వెయ్యి జన్మలెత్తినా పెట్టలేదు.

“రాయక్కా. వేళ వెయ్యి. సంతకం పెట్టు,” అంది. 

“పెడతాలే తల్లీ. పైన మేజర్ గారి సంతకం కింద నా సంతకమంటే నాకూ గొప్పే.” పెర్పెతువా రిజిస్టరు ఆమె వైపు తిప్పింది.

లియొనోరా ఆ పై వరస చదివింది. పిస్టలు ఒకటి, అందజేసినవారు మేజర్ ఎస్. విల్యసెరాన్, ఆదివారం ఉదయం తొమ్మిదీ పది.

“తొమ్మిదీ పదా? ఎనిమిదికి కాదూ?”

“నా చేత్తో రాశాను. చర్చి గంట కూడా అయిపోయింది అప్పటికి.”

రేంజిలో బయల్దేరింది ఏడూ అయిదుకి. కొండ దిగి స్టేషన్‌కి రావడానికి ముప్ఫై అయిదు నిమిషాలు. ఏడూ నలభైకి రావలసిన పిస్టలు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. పని తెలిసినవాడికి ముప్పావు గంట చాలునన్నాడు బాబాయ్. బల్లా పనిముట్లూ ఉండాలన్నాడు. పోలీసు జట్టు గదిలో రెండూ ఉన్నాయి.

ఆమె జేబులోంచి కాగితం తీసి ఈసారి కింద దాకా చదివింది. అన్సెల్మో కింద రెండు పేర్లు వదిలితే మూడోది: విల్యసెరాన్, సిక్స్తో. ఒక కిలో మూడు వందల యాభై గ్రాములు. తప్పింది. ఆ పక్కన కాసియానో వంకర రాతలో ఇంకో ముక్క: ‘ట్రిగ్గర్ మళ్ళీ తూచమని పట్టుబట్టినవారు అన్సెల్మో సొలినాప్. రెండోసారీ తప్పింది. జాతీయ జట్టు ఎంపిక నుంచి తొలగింపు.’

ఎనిమిదేళ్ళు మోసిన పరువు ఒక తూకపు కొక్కేనికి వేలాడి తెగిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆ మనిషి సేఫ్టీ బల్ల దగ్గరికి వచ్చి, మనసులో ఏమీ లేనట్టు, ఏదీ నీ ట్రిగ్గర్ ఇటివ్వు అని ఉంటాడు. ముందురోజు జరిగింది మర్చిపోదామన్న అర్థంలో అన్సెల్మో చెయ్యి చాచి ఉంటాడు. ఆ హంతకుడికి తను ఇవాళ మిట్టమధ్యాహ్నం, అడక్కపోయినా, కేసంతా విప్పి చెప్పింది. ఏ సాక్ష్యం అతన్ని పట్టిస్తుందో, దాన్ని నిలబెట్టగల ఒకే ఒక్క మనిషి ఎవరో కూడా చెప్పింది.

“దేవుడా!” అని లియొనోరా లాకప్ వైపు పరిగెత్తింది.

తలుపు తెరిచే ఉంది. బల్ల మీద ఖాళీ బాచోయ్ గిన్నె, కడిగి బోర్లించి ఉంది.

“పెద్దాయన ఏడీ?”

కానిస్టేబులు లేచి నిలబడ్డాడు. “మేజర్ గారు తీసుకెళ్ళారు మేడమ్. ప్రాసిక్యూటర్ ఆఫీసుకి. ఒంటిగంటన్నరకి. కాగితం ఇచ్చారు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.”

“ఎవరెవరు వెళ్ళారు?”

“ఆయనొక్కరే. సొంత కారులో.”

ఆమె అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ప్రాసిక్యూటర్ గుమాస్తా తీరిగ్గా పలికాడు. “తుపాస్ కేసా? ఇవాళ లేదు కదండీ. పన్నెండున్నరకి మేజర్ గారే ఫోన్ చేసి రేపటికి మార్పించారు. ముద్దాయికి ఒంట్లో బాగాలేదన్నారు.”

“కారు ఎటు వెళ్ళింది?” లియొనోరా కానిస్టేబులు భుజం పట్టుకుని కుదిపింది. “ఏ రోడ్డు? త్వరగా!”

“పాత రేవు వైపు మేడమ్. ఏమైంది? పెద్దాయన నవ్వుతూనే ఎక్కారే! ‘అమ్మాయి నా పుస్తకం వాళ్ళకి చూపించినట్టుంది, ఇంటికి పంపించేస్తున్నారు’ అని నాకు చెప్పి మరీ వెళ్ళారు.”